ఐసీయూ నుంచి ఇంటికొచ్చిన రెండో వారంలో బాబాయి కాళ్లు పడిపోతున్నాయి, ఇది పురుగు మందు వల్లేనా?

ఉప్పల్ రింగ్‌రోడ్:
అందరికీ నమస్కారం. పోస్టు పెద్దదే, కాస్త ఓపిగ్గా చదవండి. మా బాబాయికి 52 ఏళ్లు, దేవరకొండ వైపు పత్తి వేస్తాడు. పోయిన నెల చేలో మందు కొట్టి పొద్దుగూకాక ఇంటికొచ్చి, దాహానికి పాక గూట్లో ఉన్న కూల్‌డ్రింక్ సీసా ఎత్తి రెండు గుక్కలు మింగేశాడు. అందులో ఉన్నది క్లోర్‌పైరిఫాస్ అనే పురుగు మందు, 50 శాతం ఉండేది. డబ్బా కారుతోందని పొద్దున తనే ఆ సీసాలోకి వంచి పెట్టుకున్నాడు, సాయంత్రానికి మర్చిపోయాడు. నోట్లో పడగానే తెలిసింది కానీ అప్పటికే గొంతు దిగిపోయింది.

కాసేపటికి చెమటలు, నోట్లోంచి నురగ, చూపు మసక, ఒళ్లంతా సన్నగా అదరడం మొదలైంది. హైదరాబాద్ తెచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఐసీయూ, అందులో ఐదు రోజులు వెంటిలేటర్. బతికాడు, అదే చాలనుకున్నాం. పన్నెండో రోజు డిశ్చార్జ్ చేశారు. కోలినెస్టరేజ్ (ఈ మందు దెబ్బకు తగ్గిపోయే ఎంజైమ్) టెస్టులో విలువ పెరుగుతోందని, ఇక భయం లేదని చెప్పారు.

ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. మందు మింగిన పద్దెనిమిదో రోజు పిక్కలు పట్టేస్తున్నాయన్నాడు. చాలా రోజులు మంచం మీద ఉన్నాడు కదా అనుకున్నాం. ఇరవై ఒకటో రోజు నుంచి అరికాళ్లలో తిమ్మిర్లు, నడుస్తుంటే చెప్పు జారిపోతోంది, జారిందని వెనక్కి తిరిగి చూస్తే గానీ తెలియట్లేదు. ఈరోజు 24వ రోజు. మెట్టు ఎక్కుతూ బొటనవేలు తగిలి పడ్డాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే నీరసం, బలమైన తిండి పెట్టండి అన్నారు. మా పెద్దమ్మేమో భయం పట్టుకుంది, తాయెత్తు కట్టిద్దాం అంటోంది. నాకు అర్థం కానిది ఒక్కటే. విషం ఒంట్లోంచి పోయింది, టెస్టు కూడా మెరుగైంది అన్నాక ఇప్పుడు కాళ్లకు ఏమైంది?

జొన్నరొట్టె:
అన్నా, ఐసీయూలో అన్ని రోజులు ఉంటే కండ కరిగిపోతుంది. మా మామయ్యకు డెంగీ తర్వాత ఇలాగే ఉండేది, బీ12 ఇంజెక్షన్లు వేయిస్తే నెలలో లేచి తిరిగాడు. టెన్షన్ పడకు.

నైట్‌డ్యూటీ:
బీ12 దగ్గర ఆగిపోకండి. నేను నగరంలో ఒక అత్యవసర విభాగంలో పని చేసే డాక్టర్‌ని, పురుగు మందు కేసులు మాకు వస్తూనే ఉంటాయి. మీరు రాసిన వరస, అంటే ముందు పిక్కల నొప్పి, తర్వాత పాదాల తిమ్మిర్లు, ఆ తర్వాత పాదం పైకి లేవకపోవడం, అదీ మందు లోపలికి పోయిన రెండు మూడు వారాలకు మొదలవడం, ఇది క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందుల వల్ల ఆలస్యంగా వచ్చే నరాల జబ్బుకు బాగా సరిపోతోంది. మీ పెద్దమ్మగారికి నెమ్మదిగా చెప్పండి, ఇది భయం కాదు.

కానీ పోస్టు చూసి జబ్బు తేల్చకూడదు. గిలియన్ బారీ సిండ్రోమ్ (మన రోగనిరోధక శక్తే నరాలను దెబ్బతీసే జబ్బు) కూడా కాళ్ల నుంచే మొదలవుతుంది, దానికి చికిత్స ఉంది, ఆలస్యం చేస్తే ప్రమాదం. పొటాషియం తగ్గినా కాళ్లు పడిపోతాయి. ఎక్కువ రోజులు ఐసీయూలో ఉన్నవాళ్లకు వచ్చే నరాల బలహీనత వేరే ఉంది. కాబట్టి రేపు పొద్దున్నే న్యూరాలజీ ఓపీకి తీసుకెళ్లండి. నిమ్స్, గాంధీ, ఉస్మానియా మూడింటిలోనూ న్యూరాలజీ విభాగాలున్నాయి. పాత డిశ్చార్జ్ కాగితాలన్నీ, వీలైతే ఆ మందు డబ్బా లేబుల్ ఫొటో కూడా పట్టుకెళ్లండి.

నాలుగు విషయాలు చెప్పండి. రెండు కాళ్లూ సమానంగా ఉన్నాయా? చేతులు ఎలా ఉన్నాయి? మింగడం, ఊపిరి తీసుకోవడం బాగుందా? మూత్రం సరిగా వస్తోందా? ఊపిరి గానీ మింగడం గానీ కష్టమైతే రేపటిదాకా ఆగొద్దు, ఇప్పుడే ఎమర్జెన్సీకి బయల్దేరండి.

ఉప్పల్ రింగ్‌రోడ్:
డాక్టర్ గారూ, చాలా థాంక్స్. రెండు కాళ్లూ సమానమే. చేతులు బాగానే ఉన్నాయనుకున్నాం కానీ మీరు అడిగాక చొక్కా గుండీ పెట్టుకోమంటే రెండు మూడు సార్లు జారింది. ఊపిరి, మింగడం, మూత్రం మామూలుగానే ఉన్నాయి. రేపు ఆరింటికే వెళ్లి లైన్లో నిలబడతాం.

జొన్నరొట్టె:
సారీ అన్నా, తెలియక రాశాను. కానీ డాక్టర్ గారూ, నాకూ అదే డౌటు. టెస్టులో ఎంజైమ్ పెరిగింది అన్నాక మళ్లీ నరాలు ఎలా దెబ్బతింటాయి?

తార్నాక రసాయనం:
ఇది నేను చెప్తాను. చాలా ఏళ్లు ఫాస్ఫరస్ కెమిస్ట్రీ పాఠం చెప్పినవాణ్ని. కొంచెం పొడుగవుతుంది.

నరం చివర నుంచి కండరానికి కబురు వెళ్లేది అసిటైల్‌కోలిన్ అనే పదార్థం ద్వారా. 1921లో ఒట్టో లోవీ కప్ప గుండెల మీద చేసిన ప్రయోగంలో, నరం నుంచి కబురు రసాయనంగా వెళ్తుందని మొదటిసారి చూపించారు. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు. కబురు అందగానే ఆ అసిటైల్‌కోలిన్‌ను వెంటనే తుడిచేయాలి, లేకపోతే కండరం ఆగకుండా బిగుస్తూనే ఉంటుంది. తుడిచే పని అసిటైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమ్‌ది. ఒక్కో ఎంజైమ్ అణువు సెకనుకు వేల సంఖ్యలో అసిటైల్‌కోలిన్ అణువులను విరగ్గొడుతుంది. మన ఒంట్లో ఇంత చురుకైన ఎంజైములు చాలా తక్కువ.

దాని లోపల ఒక లోతైన సందు ఉంటుంది, ఆ సందు అడుగున సెరీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. మామూలుగా అసిటైల్ భాగం ఆ సెరీన్‌కు అంటుకుని రెప్పపాటులో నీటితో కడుక్కుపోతుంది. ఆర్గానోఫాస్ఫరస్ మందు వచ్చినప్పుడు అదే సెరీన్‌కు ఫాస్ఫరస్ ముక్క అంటుకుంటుంది. అది నీటితో పోదు, పోయినా గంటలు, రోజులు పడుతుంది. తాళంలో చెవి విరిగి ఇరుక్కుపోయినట్టు అనుకోండి. ఎంజైమ్ ఉంటుంది, పని మాత్రం చేయదు. అసిటైల్‌కోలిన్ కుప్పపడిపోతుంది. మీ బాబాయికి వచ్చిన చెమటలు, నురగ, కళ్ల మసక, ఒళ్లు అదరడం, ఊపిరి ఆగడం అన్నీ దాని వల్లే.

క్లోర్‌పైరిఫాస్‌లో ఇంకో మెలిక ఉంది. అందులో ఫాస్ఫరస్‌కు గంధకం కట్టి ఉంటుంది, ఆ రూపంలో అది ఎంజైమ్‌ను పెద్దగా పట్టుకోలేదు. కాలేయం ఆ గంధకాన్ని తీసేసి ఆక్సిజన్ పెడుతుంది, అప్పుడు తయారయ్యే ఆక్సాన్ అసలు విషం. పైగా ఈ మందు కొవ్వులో దాక్కుని మెల్లగా బయటికొస్తుంది. అందుకే కొందరిలో బాగైనట్టు కనిపించి మళ్లీ దిగజారుతుంది.

ఇక టెస్టు సంగతి. ఆసుపత్రిలో సాధారణంగా చూసేది రక్తపు సీరంలో ఉండే బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్. అసలు నరాల దగ్గర ఉండేదానికి అది చుట్టం లాంటిది. కాలేయం దాన్ని కొత్తగా చేస్తూ ఉంటుంది కాబట్టి కొన్ని వారాల్లో మామూలుకు వచ్చేస్తుంది. అది పెరిగిందంటే ఆ ఒక్క ఎంజైమ్ పెరిగిందనే. మీ బాబాయి కాళ్లను దెబ్బ తీసింది పూర్తిగా వేరే ఎంజైమ్ అయి ఉండొచ్చు, దాని గురించి ఆ టెస్టు ఏమీ చెప్పదు.

మూసీ గట్టు:
వేరే ఎంజైమా? సార్, దాని పేరేంటి? ఇన్నాళ్లూ అంతా కోలినెస్టరేజ్ మాయే అనుకుంటున్నా.

తార్నాక రసాయనం:
న్యూరోపతీ టార్గెట్ ఎస్టరేజ్, పొట్టిగా ఎన్‌టీఈ. 1969లో ఇంగ్లండ్‌లో మార్టిన్ జాన్సన్ దాన్ని పట్టుకున్నారు. నరకణం లోపల పొరల్లోని ఫాస్ఫోలిపిడ్ కొవ్వులను సరిదిద్దే పని దానిది. దీనికి కూడా సెరీన్ ఉంది, దానికీ ఫాస్ఫరస్ ముక్క అంటుకుంటుంది. ఆ తర్వాత జరిగేదే ముఖ్యం. అంటుకున్న ముక్కలోంచి ఒక ఆల్కైల్ భాగం ఊడిపోయి, మిగిలింది ఎంజైమ్‌తో శాశ్వతంగా కట్టుబడిపోతుంది. దీన్ని ఏజింగ్ అంటారు. ఇందాకటి పోలికలో చెప్పాలంటే విరిగిన చెవి తుప్పు పట్టి తాళంతో ఒకటైపోయింది, ఇక ఏ పనివాడు వచ్చినా రాదు.

కోళ్ల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది ఏమిటంటే, మందు పడిన మొదటి గంటల్లోనే ఎన్‌టీఈలో సుమారు 70 శాతానికి పైగా ఇలా కట్టుబడిపోయి ఏజ్ అయితే, రెండు మూడు వారాలకు నరాలు చివర నుంచి ఎండటం మొదలవుతుంది. అంతకంటే తక్కువైతే ఏమీ కాదు. విచిత్రం ఏమిటంటే కాళ్లు పడిపోయే సమయానికి ఎన్‌టీఈ చాలావరకు కొత్తగా తయారై ఉంటుంది. అంటే దెబ్బ మొదటి రోజే తగిలింది, కనిపించింది మూడో వారంలో.

రాజేంద్రనగర్ వెట్:
కోళ్ల మాట వచ్చింది కాబట్టి నేనూ చేరుతున్నా, నేను వెటర్నరీ విద్యార్థిని. ఈ జబ్బు ఎలుకల్లో సరిగా కనిపించదు. ఎన్‌టీఈ దెబ్బతింటుంది కానీ నడక పెద్దగా మారదు. పెట్టకోళ్లలో మాత్రం మనుషుల్లాగే వస్తుంది, అదీ ఎదిగిన కోళ్లలోనే, కోడిపిల్లల్లో రాదు. అందుకే ఆర్గానోఫాస్ఫరస్ మందులకు కోళ్ల పరీక్ష పెట్టారు. మందు ఇచ్చి మూడు వారాలు కోడి నడకను గమనిస్తారు. మొదట కాళ్లు తడబడతాయి, తర్వాత కొమ్మ మీద నిలబడలేదు, చివరికి కాళ్లు చాపేసి కూర్చుంటుంది.

ఎందుకు కాళ్లే ముందు అని ఎవరైనా అడిగితే, మన ఒంట్లో అన్నిటికంటే పొడవైన నరపు తంతువులు వెన్ను నుంచి పాదం దాకా వెళ్లేవే. చెరువు నుంచి కాల్వ చివరి మడికి నీళ్లు అందనట్టు, కణం నుంచి సరుకు చివరిదాకా చేరడం ఆగిపోతే ముందు ఎండేది ఆ కొసలే. కాళ్ల తర్వాత చేతులు అందుకే.

పత్తిచేను:
భయ్యా చదువుతుంటే గుండె జారింది. మాది జనగామ దగ్గర, నేను కూకట్‌పల్లిలో ఉద్యోగం చేస్తా. మా నాన్న ఇరవై ఏళ్లుగా పత్తికి మందు కొడుతున్నాడు. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ ఏది దొరికితే అది. వీపుకు కట్టిన పంపు మూత దగ్గర కారి చొక్కా తడిసిపోతుంది, ఆ చొక్కాతోనే సాయంత్రం దాకా ఉంటాడు. మందు కొట్టిన రోజు తలనొప్పి, వికారం, అన్నం వద్దంటాడు. ఇలా రోజూ కొంచెం కొంచెం పడ్డా కాళ్లు పోతాయా?

నైట్‌డ్యూటీ:
మంచి ప్రశ్న, జాగ్రత్తగా చెప్తాను. ఈ ఆలస్యపు నరాల జబ్బు ఎక్కువగా చూసేది ఒకేసారి చాలా మోతాదు లోపలికి వెళ్లి, చావు అంచుదాకా పోయి, చికిత్సతో బతికినవాళ్లలో. కోళ్ల పరీక్షలో తేలిగ్గా కాళ్లు పడేసే మందులను ముందే ఆపేస్తారు కాబట్టి, మార్కెట్లో మిగిలిన మందులతో ఇది రావాలంటే ప్రాణం తీసేంత మోతాదు కావాలి. అంత మోతాదు తీసుకున్న మనిషి ఒకప్పుడు చనిపోయేవాడు. ఇప్పుడు వెంటిలేటర్ పెట్టి బతికించగలుగుతున్నాం, అందుకే మూడో వారం కాళ్లు చూడాల్సి వస్తోంది. డిశ్చార్జ్ రోజు ఈ మాట చెప్పాల్సిన బాధ్యత మాదే. ఉప్పల్ గారి ఇంట్లో ఎవరికీ చెప్పలేదంటే నాకు నిజంగా బాధగా ఉంది.

అయితే మీ నాన్నగారికి ఏమీ కాదని కాదు. చర్మం గుండా ఈ మందులు బాగా దిగుతాయి, చెమట పట్టిన చర్మం గుండా ఇంకా ఎక్కువ. రోజు విడిచి రోజు కొడితే కోలినెస్టరేజ్ కోలుకునే లోపే మళ్లీ తగ్గుతుంది, అలా మెట్టు మెట్టుగా దిగి ఒకరోజు కొంచెం మందుకే పడిపోతారు. ఎర్ర రక్తకణాల్లోని ఎంజైమ్ ఒకసారి ఏజ్ అయితే రోజుకు ఒక శాతం చొప్పున మాత్రమే తిరిగొస్తుంది, ఎందుకంటే కొత్త కణాలు పుట్టాల్సిందే. తలనొప్పి, వికారం వచ్చిందంటే ఒంట్లో ఎంజైమ్ తగ్గిందనే అనుమానించండి. చొక్కా తడిసిన వెంటనే విప్పి సబ్బుతో ఒళ్లు కడుక్కోమని చెప్పండి. సాయంత్రం దాకా ఆగొద్దు. పంపు వాషరు మార్పించండి, దానికి పెద్ద ఖర్చు కాదు.

పత్తిచేను:
ఈ ఆదివారం ఊరెళ్లి పంపు నేనే చూస్తా డాక్టర్ గారూ. మోనో ఇప్పుడు అమ్మకూడదు కదా?

తార్నాక రసాయనం:
మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడొద్దని 2005లోనే అన్నారు. 36 శాతం మందును ఆపాలని 2023లో ఉత్తర్వు వచ్చింది. డైక్లోర్వాస్, ఫోరేట్, ట్రయాజోఫాస్ 2020 డిసెంబరు 31తో ఆగాయి. ఇళ్లల్లో పాత డబ్బాలు ఉంటే వాడేయాలని చూడకండి.

డబ్బాల గురించి ఒక్కటి గుర్తు చేస్తాను. 2013 జులైలో బీహార్ సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ దొరికింది. తిండి సీసాలో మందు పోసినా, మందు డబ్బాలో తిండి పోసినా ఎవరో ఒకరి నోట్లోకి వెళ్తుంది. ఉప్పల్ గారి బాబాయి విషయంలో జరిగిందీ అదే.

మలక్‌పేట్ భాయ్:
నాకు ఇంట్లోవాళ్ల గురించి టెన్షన్. మెహదీపట్నం రైతుబజార్‌లో వంకాయ, కాలీఫ్లవర్ కొంటాం. ఈ ఎండోసల్ఫాన్ లాంటి మందులన్నీ వాటిలోనే ఉంటాయి కదా, పిల్లలకు ఇలాంటి పక్షవాతం వస్తుందా?

తార్నాక రసాయనం:
భాయ్, ఎండోసల్ఫాన్ ఆర్గానోఫాస్ఫరస్ కాదు, అది ఆర్గానోక్లోరిన్, పని చేసే తీరే వేరు. కూరగాయ మీద మిగిలే మందు, మనం మాట్లాడుకుంటున్న గుక్కల మోతాదుకు దరిదాపుల్లో ఉండదు, దానితో ఈ పక్షవాతం రాదు. బాగా కడగండి, తొక్క తీసేవి తీయండి. అవశేషాల గురించి వేరే ఆందోళనలు ఉన్నాయి, అవి నిజమే, కానీ ఈ జబ్బుతో కలపొద్దు.

తిండి ద్వారా ఈ జబ్బు వేలమందికి వచ్చిన సంగతి మాత్రం ఉంది, అది పురుగు మందు వల్ల కాదు. 1930లో అమెరికాలో మద్యనిషేధం నడుస్తుండగా, జమైకా అల్లం సారం పేరుతో ఆల్కహాల్ ఎక్కువున్న ఒక ద్రావకం అమ్మేవారు, పేదవాళ్లు మద్యం బదులు అదే తాగేవారు. తనిఖీని తప్పించుకోవడానికి అందులో ట్రైఆర్థోక్రెసైల్ ఫాస్ఫేట్ కలిపారు, అది ప్లాస్టిక్కు, లక్కలకు వాడేది. తాగినవాళ్లకు నురగ లేదు, ఊపిరి ఆడకపోవడం లేదు, మామూలుగా ఇళ్లకు పోయారు. వారం పది రోజులు దాటాక పిక్కలు నొప్పి, తర్వాత పాదాలు వేలాడిపోయాయి. పదుల వేలమంది. అడుగు వేస్తే ముందు మునివేళ్లు, తర్వాత మడమ టప్పున నేలకు కొట్టే ఆ నడకకే ఒక పేరు పుట్టింది. 1959లో మొరాకోలో జెట్ ఇంజిన్ నూనెను వంట నూనెలో కలిపి అమ్మితే సుమారు పదివేల మందికి ఇదే వచ్చింది. మన దేశంలోనే 1988లో కలకత్తా బెహాలాలో కల్తీ నూనె వల్ల వందలమంది కాళ్లు పడిపోయాయి.

ఆ ట్రైఆర్థోక్రెసైల్ ఫాస్ఫేట్ కోలినెస్టరేజ్‌ను పెద్దగా తాకదు, ఎన్‌టీఈని మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. అందుకే తొలిరోజు ఏమీ లేకుండా మూడో వారం కాళ్లు పోయాయి. రెండూ వేర్వేరు దెబ్బలు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మూసీ గట్టు:
అయితే ఆసుపత్రిలో ఇచ్చిన అట్రోపిన్, పామ్ ఇంజెక్షన్లు ఇంకొన్ని రోజులు ఇచ్చుంటే కాళ్లు ఆగేవా?

నైట్‌డ్యూటీ:
లేదు, ఇందులో ఆ డాక్టర్లను తప్పుపట్టలేం. అట్రోపిన్ చేసేది కుప్పపడిన అసిటైల్‌కోలిన్ ఊపిరితిత్తుల మీద, గుండె మీద పని చేయకుండా అడ్డుకోవడం. ఊపిరితిత్తులు పొడిగా అయ్యేదాకా ఇస్తూనే ఉంటాం, ప్రాణం నిలబెట్టేది అదే. కండరాల మీదగానీ ఎన్‌టీఈ మీదగానీ దానికి పట్టులేదు. పామ్, అంటే ప్రాలిడాక్సిమ్, 1955 ప్రాంతంలో వచ్చింది. సెరీన్‌కు అంటుకున్న ఫాస్ఫరస్ ముక్కను లాగేయడానికి. ఏజింగ్ అయ్యేలోపే అది పనికొస్తుంది. మోనోక్రోటోఫాస్ లాంటి డైమిథైల్ మందుల్లో సగం ఎంజైమ్ నాలుగు గంటల లోపే ఏజ్ అవుతుంది, క్లోర్‌పైరిఫాస్ లాంటి డైఇథైల్ మందుల్లో ముప్పై గంటలు దాటుతుంది. నర్వ్ గ్యాస్ సొమాన్‌లో అయితే రెండు నిమిషాలే. ఏదైనా అది కోలినెస్టరేజ్ కోసం. ఆలస్యపు జబ్బును ఆపే ఇంజెక్షన్ మా చేతుల్లో లేదు.

మధ్యలో ఇంకో దశ ఉంది, అది కూడా ఇంట్లోవాళ్లకు తెలియాలి. మొదటి గండం గడిచాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరు మెడ ఎత్తలేరు. దిండు మీద నుంచి తల లేపమంటే లేవదు, తర్వాత ఊపిరి ఆగిపోతుంది. దీన్ని 1987లో శ్రీలంక డాక్టర్లు సేనానాయకే, కరల్లియెద్దె మధ్యస్థ సిండ్రోమ్‌గా వర్ణించారు. ఉప్పల్ గారి బాబాయి ఐదు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నది బహుశా దీనివల్లే. రెండో రోజు బాగున్నాడని పట్టుబట్టి డిశ్చార్జ్ చేయించుకుని వెళ్లినవాళ్లు దారిలో ఊపిరాగి మళ్లీ మా దగ్గరికి రావడం చూశాను. దయచేసి అలా చేయకండి.

బేగంబజార్ పద్దులు:
సీరం టెస్టు గురించి ఒక మాట చెప్పొచ్చా. మా ఇంట్లో ఆపరేషన్‌కు ముందు కోలినెస్టరేజ్ చేయిస్తే దాదాపు లేదని వచ్చింది. ఏ మందూ తగల్లేదు. మత్తు డాక్టర్ గారు ముందు మీరు వైశ్యులా అని అడిగారు, నాకు అర్థం కాలేదు.

నైట్‌డ్యూటీ:
మంచి డాక్టర్ అడిగారు. వైశ్య కుటుంబాల్లో కొందరికి బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ పుట్టుకతోనే దాదాపు ఉండదు, దానికి కారణమైన జన్యు మార్పు కూడా తెలుసు. మామూలు జీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు. కానీ ఆపరేషన్‌లో సక్సినైల్‌కోలిన్ అనే కండరాల మందు ఇస్తే నిమిషాల్లో తగ్గాల్సింది గంటలు పడుతుంది, అంతసేపూ ఊపిరి మేమే అందించాలి. మీ కుటుంబంలో అందరికీ చెప్పి, ఆ విషయం కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోమనండి. పురుగు మందు కేసులో కూడా ఇది గుర్తుండాలి. సీరం విలువ సున్నా అయినంత మాత్రాన మందు తాగినట్టు కాదు, మనిషిని చూడాలి.

మోడరేటర్:
చర్చ చాలా ఉపయోగంగా సాగుతోంది, ఒక మనవి. ఎంత మోతాదుకు ఏమవుతుందనే లెక్కలు ఇక్కడ రాయకండి. ఈ చర్చ చదివేవాళ్లలో మనసు బరువెక్కి ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఉప్పల్ రింగ్‌రోడ్:
నాలుగు రోజుల తర్వాత వస్తున్నా, క్షమించండి, తిరగడమే సరిపోయింది. న్యూరాలజీలో చూపించాం. డాక్టర్ గారు మడమ దగ్గర సుత్తితో కొడితే కాలు కదలలేదు, మోకాలి దగ్గర కొడితే మామూలు కంటే గట్టిగా ఎగిరింది. పొటాషియం బాగానే ఉంది, బీ12 కూడా. నరాల్లో కరెంటు ఎలా పోతుందో చూసే ఎన్‌సీవీ టెస్టు చేశారు. కరెంటు వేగం దాదాపు మామూలుగానే ఉందట, కానీ కండరం నుంచి వచ్చే అల ఎత్తు బాగా తగ్గిందట, పాదాల్లో ఎక్కువ, చేతుల్లో కొంచెం. ఇది గిలియన్ బారీ కాదు, పురుగు మందు తర్వాత వచ్చే ఆలస్యపు నరాల దెబ్బే అన్నారు.

బాబాయి డాక్టర్‌ని ఒకటే అడిగాడు, వచ్చే వానాకాలానికి చేలో దిగగలనా అని. ఆయన తొందరపడి అవునని అనలేదు. ఏడాది చూద్దాం, పాదం కొంత తిరిగొస్తుంది అన్నారు. బయటికొచ్చాక బాబాయి చాలాసేపు మాట్లాడలేదు.

నైట్‌డ్యూటీ:
పరీక్షలు చేయించి మంచి పని చేశారు. నరపు తంతువు పైపొర దెబ్బతింటే వేగం పడిపోతుంది, తంతువే ఎండితే అల ఎత్తు తగ్గుతుంది. మీ బాబాయిది రెండోది. కాళ్లల్లోని నరాలు మెల్లగా తిరిగి పెరుగుతాయి, నెలలు పడుతుంది, ఏడాది దాటినా మార్పు కనిపిస్తుంది. మోకాలి దగ్గర గట్టిగా ఎగరడం మాత్రం వెన్నుపాము తంతువులకు కూడా దెబ్బ తగిలిందనడానికి గుర్తు. పాదం కోలుకునే కొద్దీ ఈ బిగుసుకుపోవడం బయటపడొచ్చు, అది చాలావరకు మిగిలిపోతుంది. అమెరికా అల్లం సారం బాధితులను 47 ఏళ్ల తర్వాత చూసినప్పుడు కనిపించింది ఈ బిగుసుకుపోవడమే. మీరు ముందే తెలుసుకుని ఉండటం మంచిదని చెప్తున్నా. మీ డాక్టర్ ఏడాది చూద్దాం అనడం సరైన మాట.

ఫిజియో అక్క:
ఇప్పుడే చూశాను. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఫిజియోథెరపిస్ట్‌ని. ఉప్పల్ తమ్ముడూ, రోజుకు రెండుసార్లు మడమ వెనక, పిక్క కింద ఉండే స్నాయువును సాగదీయాలి. పాదం కిందికి వేలాడి అలాగే బిగుసుకుపోతే తర్వాత నరం తిరిగొచ్చినా పాదం లేవదు. రాత్రి పడుకున్నప్పుడు పాదం నిలువుగా ఉండేలా గట్టి దిండు పెట్టండి. నడవడానికి ఏఎఫ్‌ఓ అనే ప్లాస్టిక్ పట్టీ కొలత తీసుకుని చేయించండి, పిక్క వెనక నుంచి అరికాలి కిందికి వస్తుంది, దానితో మునివేళ్లు నేలకు తగలవు. స్పర్శ లేదు కాబట్టి రోజూ అరికాళ్లు మీరే చూడండి, ముల్లు గుచ్చుకున్నా ఆయనకు తెలియదు. వేడినీళ్లు మీ చేత్తో చూశాకే పోయండి. ఇంట్లో గుమ్మాల దగ్గర పట్టాలు, డోర్‌మ్యాట్లు తీసేయండి.

ఉప్పల్ రింగ్‌రోడ్:
అక్కా, పట్టీ కొలత ఇచ్చాం, వచ్చే మంగళవారం ఇస్తారట. డోర్‌మ్యాట్లు ఈ రాత్రే తీసేశాం.

ఇంకో విషయం. మా తమ్ముడు ఊరెళ్లి పాక మొత్తం వెతికాడు. మందు పోసి పెట్టిన మంచినీళ్ల సీసాలు ఇంకో మూడు దొరికాయి, ఒకటి చంటిపిల్ల చేతికందే ఎత్తులో ఉంది. పక్కింటి వాళ్ల పాకలో కూడా అడిగి చూశాడు, వాళ్ల దగ్గర రెండు. ఇప్పుడు మా వాడలో ఒక్కో ఇంటికీ వెళ్లి అడుగుతున్నాడు. పెద్దమ్మ కూడా వెంట తిరుగుతోంది, తాయెత్తు మాట మళ్లీ ఎత్తలేదు.

అక్కా, ఒకటి అడగడం మర్చిపోయా. ఆ పట్టీ మీద బాబాయి మామూలు చెప్పులు వేసుకోవచ్చా? బూట్లంటే ఒప్పుకోవట్లేదు.

ఫిజియో అక్క:
వేలు సందులో పెట్టుకునే చెప్పు పట్టీ మీద నిలవదు తమ్ముడూ. వెనక బెల్టు ఉండి, పైన వెల్‌క్రో ఉన్న శాండల్ ఒక సైజు పెద్దది తీసుకోండి, పట్టీ చేతికొచ్చాక దాన్ని పట్టుకెళ్లి అందులో పెట్టి చూసి కొనండి.